ఖాళీగా వచ్చిన లంచ్ బాక్సు

కిందటేడు సెప్టెంబరు నెలంతా మా అమ్మాయి లంచ్ బాక్సు ఖాళీగా ఇంటికొచ్చింది. మూడో తరగతికొచ్చింది కదా, బుద్ధొచ్చిందనుకున్నాను. "బెండకాయ వేపుడన్నం కూడా మొత్తం తినేస్తోందమ్మా" అని విజయవాడలో ఉన్న మా అమ్మకి వీడియో కాల్‌లో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

అక్టోబరులో ఒకరోజు స్కూలుకి లంచ్ వేళ వాలంటీరుగా వెళ్ళాను. పిల్లలకి పాల డబ్బాలు తెరిచివ్వడం, బల్లలు తుడవడం మా పని. నేను వస్తున్నానని ముందుగా చెప్పలేదు, ఆశ్చర్యపోతుందని. మా అమ్మాయి నన్ను చూడలేదు. ఆపిల్ ముక్కలు తింది, బిస్కెట్లు తింది. గంట కొట్టే ముందు చెత్తబుట్ట దగ్గరికి వెళ్ళి, ఫ్లాస్కు మూత కష్టపడి తిప్పి, పొద్దున్నే ఆరింటికి లేచి నేను వండిన అన్నమంతా అందులోకి వంచేసింది. చేతిలో తుడిచే గుడ్డతో అలాగే నిలబడిపోయాను.

ఇంటికొచ్చాక అరవకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నాను. రాత్రి పడుకోబోయే ముందు అడిగాను. కాసేపు ఏడ్చి, చెప్పింది. లంచ్‌కి ఇచ్చేది ఇరవై అయిదు నిమిషాలు. చేతులు కడుక్కుని, చోటు వెతుక్కుని కూర్చునేసరికి అందులో కొంత పోతుంది. ఫ్లాస్కు మూత రాదు. వచ్చినా అన్నం గడ్డకట్టి ఉంటుంది, ప్లాస్టిక్ చెంచాకి లొంగదు. "ఇంట్లో అయితే నువ్వు కలిపిస్తావు కదా" అంది.

"ఎవరైనా ఏమన్నా అన్నారా తల్లీ?"

"అనలేదు. మూత తియ్యగానే అందరూ చూస్తారు."

"చూస్తే ఏం? మన అన్నం మనం తింటాం."

"మరి నువ్వెందుకు తినవు? ఆఫీసుకి శాండ్‌విచ్ తీసుకెళ్తావు. పప్పన్నం వేడి చేస్తే వాసనొస్తుందని నాన్నకి చెప్పావు."

నా దగ్గర సమాధానం లేదు. నిజమే. తొమ్మిదేళ్ళుగా ఆఫీసు మైక్రోవేవ్‌లో నేను ఇంగువ వాసన తగిలే వంట పెట్టలేదు. నేను మొయ్యడానికి మొహమాటపడిన డబ్బాని ఎనిమిదేళ్ళ పిల్ల చేతికిచ్చి పంపుతున్నాను.

ఆ రాత్రి నుంచి మా ఇంట్లో కొన్ని మారాయి. మొదటిది, మిగిలింది పారెయ్యొద్దు, ఇంటికి తీసుకురమ్మన్నాను. తిట్టనని మాటిచ్చాను. బాక్సు తిరిగొస్తేనే కదా ఏది తిన్నదో, ఏది తినలేదో తెలిసేది. ఖాళీ బాక్సు నాకు నెలరోజులు అబద్ధం చెప్పింది.

రెండోది, బాక్సు తిండిని ఇంటి కంచంలోంచి కాకుండా, ఇరవై అయిదు నిమిషాల్లోంచి ఆలోచించడం మొదలుపెట్టాను. మన భోజనం తీరిగ్గా చేత్తో కలుపుకుని తినేది. సాంబారన్నం కంచంలో అమృతం, ఫ్లాస్కులో సిమెంటు. ఇప్పుడు బాక్సులోకి ఒక్క చేత్తో తినేవే వెళ్తున్నాయి: నెయ్యీ కారప్పొడీ పట్టించిన చిన్న ఇడ్లీలు, ముక్కలుగా కోసిన పెసరట్టు, బంగాళాదుంప వేపుడు పెట్టి చుట్టిన చపాతీ. అన్నం పెడితే పులిహోరే, అదీ పొడిపొడిగా. వాళ్ళ స్కూల్లో వేరుశనగలు నిషేధం కాబట్టి తాలింపులో పచ్చిశనగపప్పు మాత్రం వేస్తున్నాను. కారప్పొడిలోకి పుట్నాలు. పప్పూ కూరా చారూ రాత్రి భోజనానికి.

ఫ్లాస్కు పనితనం కూడా అప్పుడే నేర్చుకున్నాను. మరిగే నీళ్ళు పోసి పది నిమిషాలు మూతపెట్టి ఉంచి, ఆ నీళ్ళు పారబోసి, పొగలు కక్కుతున్న తిండి పెట్టాలి. వేడిగా తినాల్సింది 140 డిగ్రీల ఫారన్‌హీట్ పైన, చల్లగా తినాల్సింది 40 డిగ్రీల లోపల ఉండాలని ఇక్కడి ఆహార భద్రత నియమం. గోరువెచ్చగా గంటలకొద్దీ ఉన్న అన్నం పిల్లల కడుపుకి మంచిది కాదు. చల్లటివాటి పక్కన ఐస్ ప్యాక్ పెడుతున్నాను. మూత బిగించడం మా అమ్మాయి పని. తను బిగించిన మూత తను తియ్యగలదు.

మూడోది నాకు అన్నిటికంటే కష్టమైంది. బతిమాలడం మానేశాను. ఎలిన్ శాటర్ అనే అమెరికన్ డైటీషియన్ చెప్పిన పద్ధతి ఒకటుంది: ఏం వండాలి, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దల వంతు. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల వంతు. చందమామని చూపించి గోరుముద్దలు పెట్టే మనవాళ్ళకి ఇది మింగుడుపడదు. "ఇంకొక్క ముద్ద, అమ్మమ్మ ముద్ద, తాతయ్య ముద్ద" అనకుండా నోరు కట్టుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. కొత్త కూర ఒకసారి వద్దంటే ఇక ఇష్టం లేదని తీర్మానించెయ్యకూడదట, పది పదిహేనుసార్లు కంచం పక్కన కనిపించాలట. దొండకాయ వేపుడు ఏడోసారికి దాని కంచంలోకి వచ్చింది. గోంగూర ఇంకా దారిలో ఉంది.

ఆదివారం వంట కూడా కొంత మారింది. వారానికి సరిపడా కూరలు వండి డబ్బాల్లో పెట్టడం మానేసి, పిండి రుబ్బుకోవడం, కూరగాయలు తరుక్కోవడం, చింతపండు గుజ్జు తీసిపెట్టుకోవడం వరకే చేస్తున్నాం. పొయ్యి మీద పని ఏ రోజుకారోజు. తాలింపులో ఆవాలు చిటపటలాడుతుంటే కరివేపాకు వెయ్యడం అమ్మాయి హక్కు. తను కరివేపాకు వేసిన కూరని తను తినకపోవడం అరుదు.

ఇక నాలుగోది. మర్నాడే నేను ఆఫీసుకి ముద్దపప్పు, ఆవకాయ, అన్నం తీసుకెళ్ళాను. మైక్రోవేవ్ తలుపు తీసేటప్పుడు నాకు గుండె దడదడలాడింది, నలభై ఏళ్ళదాన్ని. సాయంత్రం కారెక్కగానే అడిగింది.

"ఎవరైనా చూశారా?"

"ఇద్దరు చూశారు."

"నువ్వేం చేశావు?"

"తిన్నాను. నెయ్యి కొంచెం తక్కువైంది."

నవ్వింది. ఆ నవ్వుతో అంతా చక్కబడిందని చెప్పను. ఇప్పటికీ పిజ్జా ఇచ్చే శుక్రవారం స్కూలు భోజనమే కావాలంటుంది, సరేనంటాను. నిన్న కూడా పులిహోర సగం తిరిగొచ్చింది. ఎందుకని అడిగితే, "పక్కనమ్మాయి రుచి చూస్తానంటే పెట్టాను. మాట్లాడుతుంటే టైమైపోయింది" అంది.

మిగిలిన సగం పారేసి, బాక్సు కడుగుతూ రేపటికి కాస్త ఎక్కువ పెట్టాలనుకున్నాను.