‘నమ్మితే చాలు’ అన్న షరతు

మొన్నో ఆదివారం పొద్దున టీవీ తిప్పుతుంటే ఒక బోధకుడు తగిలాడు. మిగతా మతాలన్నీ దేవుడి కోసం మనిషి పడే పాట్లనీ, తమది మాత్రం మనిషి కోసం దేవుడు పడిన పాటనీ అన్నాడు. హాలు హాలంతా హల్లెలూయా అంది. ధర్మశాస్త్రం సిలువ దగ్గరే కొట్టివేయబడిందని, ఇక ఏ నియమమూ లేదని, అంతా కృపేనని అరగంట చెప్పాడు. చివర్లో మాత్రం, దశమ భాగం ఇవ్వనివాడు దేవుణ్ణి దోచుకున్నవాడేనని హెచ్చరించాడు. తెర కింద బ్యాంకు ఖాతా నంబరు నడిచింది. దశమ భాగం మోషే ధర్మశాస్త్రంలోదే. మొత్తం రద్దు చేసి, ఆ ఒక్క పద్దు మాత్రం వసూలుకి అట్టిపెట్టుకున్నారన్నమాట.

డబ్బు సంగతి వదిలేయండి, అది లేని మతం ఎక్కడుంది? నాకు ఒళ్లు మండించింది ఆయన మధ్యలో అలవోకగా అనేసిన మరో మాట. ఎంత మంచివాడైనా, ఊరందరికీ తలలో నాలుకలా బతికినా, నమ్మకపోతే నరకమే. ఎంత దుర్మార్గుడైనా కొన ఊపిరితో నమ్మితే రక్షణే. ఇదే కృప అట. ఇంతకు మించిన స్వేచ్ఛ లోకంలో లేదట.

ఈ స్వేచ్ఛ కథ కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి.

క్రీస్తుశకం 50 ప్రాంతంలో, రోమన్ సిరియాలోని అంతియొకయ నగరంలో, యేసును నమ్మిన యూదులూ యూదులు కానివాళ్లూ కలిసి భోజనం చేసేవారు. యేసు శిష్యుడు పేతురు కూడా ఆ పంక్తిలోనే కూర్చునేవాడు. అంతలో యెరూషలేము నుంచి, యేసు సోదరుడు యాకోబు దగ్గర నుంచి, కొందరు మనుషులొచ్చారు. సున్నతి లేనివాళ్ల పక్కన కూర్చుని తినడం వాళ్లకి సమ్మతం కాదు. వాళ్లను చూడగానే పేతురు మెల్లగా పంక్తిలోంచి తప్పుకున్నాడు. ఆయన్ను చూసి బర్నబా, మిగతా యూదులూ తప్పుకున్నారు. యూదులు కానివాళ్లకి బోధించే పౌలుకి మండిపోయింది. అందరి ముందూ పేతురుని నిలదీశాడు. ఈ ముచ్చట గలతీయులకు రాసిన పత్రికలో పౌలు స్వయంగా చెప్పుకున్నదే. పేతురు తిరిగి ఏమన్నాడో మాత్రం రాయలేదు. ఆ వాదనలో పౌలే నెగ్గి ఉంటే ఆ సంగతి రాయకుండా ఊరుకునే మనిషి కాదు.

ఎవరి పక్కన ఎవరు తినాలి, ఎవరు రాగానే ఎవరు లేవాలి అన్నది మన ఊళ్లలో పుట్టి పెరిగినవాడికి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. పేతురు మొహంలో ఆ క్షణాన ఏం కనపడి ఉంటుందో మనం ఇట్టే ఊహించగలం. ఇక్కడిదాకా నా ఓటు పౌలుకే. మత్తుమందు లేని కాలంలో, ఎదిగిన మగవాడు సున్నతి చేయించుకుంటే తప్ప మా పంక్తిలోకి రాకూడదంటే, అది తప్పే. ‘అక్కర్లేదు, అలాగే రండి’ అన్నాడు పౌలు. బాగానే ఉంది.

అక్కడితో ఆగితే చరిత్ర వేరుగా ఉండేది. ఆయన ఆగలేదు. ‘మీకు సున్నతి అక్కర్లేదు’ అన్న చిన్నమాటని పట్టుకుని, ధర్మశాస్త్రం ఎవరినీ నీతిమంతుణ్ణి చెయ్యలేదని, దాన్ని నమ్ముకున్నవాళ్లు శాపం కిందే ఉన్నారని సిద్ధాంతం కట్టాడు. పంక్తి తగాదా కాస్తా విశ్వ నియమం అయి కూర్చుంది. అదే పత్రికలో, సున్నతి కోసం పట్టుబట్టేవాళ్లు తమని తామే మొత్తం కోసేసుకుంటే బాగుండునని కూడా రాశాడు. ప్రేమ గురించి కొరింథీయులకు అంత గొప్ప అధ్యాయం రాసిన చెయ్యే ఇదీ రాసింది. పైగా అపొస్తలుల కార్యాలు చెప్పేదాని ప్రకారం, తిమోతికి దగ్గరుండి సున్నతి చేయించినవాడూ పౌలే. అవసరమైతే ధర్మశాస్త్రం, అక్కర్లేకపోతే కృప. మన టీవీ బోధకుడికి గురువు లేకపోలేదు.

ఇక్కడ అబ్రాహాము గొడవ ఒకటి ఉంది. తమాషా అయినది. అబ్రాహాము దేవుణ్ణి నమ్మాడు, అది అతనికి నీతిగా లెక్కకొచ్చింది అంటుంది ఆదికాండం 15వ అధ్యాయం. సున్నతి ప్రస్తావన వచ్చేది 17లో. చూశారా, సున్నతికి ముందే నమ్మకంతో నీతిమంతుడయ్యాడు, కాబట్టి పనులు అక్కర్లేదు అని పౌలు రోమీయుల పత్రికలో వాదించాడు. యాకోబు పేరు మీదున్న పత్రిక ఆ వాక్యాన్నే, ఆ అబ్రాహామునే తీసుకుని అచ్చంగా తలకిందులు చేసింది. కన్నకొడుకు ఇస్సాకుని బలిపీఠం మీద పెట్టాడు కదా, అది పని కాదా, మనిషి నీతిమంతుడయ్యేది ఒట్టి నమ్మకంతో కాదు పనులతోనే అంది. ఒకే వాక్యం, ఒకే మనిషి, రెండు తీర్పులు, రెండూ దైవప్రేరితాలే! కొడుకు మెడ మీద కత్తి పెట్టడం అసలు మంచి పనేనా అన్న ప్రశ్న ఇద్దరికీ రాలేదు. మత్తయి సువార్తలో యేసు సంగతి మరీ చిత్రం. ధర్మశాస్త్రంలో పొల్లు కూడా పోదని కొండ మీద కూర్చుని చెప్పాడు. పౌలు ఆ కొండ మీదికి వెళ్లినట్టు లేదు.

యూదుల ధర్మశాస్త్రం మీద నాకేమీ మోజు లేదు. శనివారం పుల్లలేరుకున్నవాణ్ణి రాళ్లతో కొట్టి చంపిన కథ అందులోనే ఉంది. కానీ అది ఒట్టి లెక్కల పుస్తకమనీ, క్షమాపణ అన్న మాటే ఎరగదనీ శతాబ్దాలుగా చర్చిలు చెప్పినది అబద్ధం. పశ్చాత్తాపం, ప్రాయశ్చిత్త దినం, కరుణ అన్నీ వాళ్లకీ ఉన్నాయి. ఇ.పి. శాండర్స్ అనే క్రైస్తవ పండితుడే 1977లో ఒక లావుపాటి పుస్తకం రాసి ఈ మాట నిరూపించే వరకు యూరప్ విశ్వవిద్యాలయాల్లో కూడా ఆ కట్టుకథే పాఠం.

యెరూషలేము వర్గానికి పెద్ద అయిన ఆ యాకోబుని 62లో ప్రధాన యాజకుడు అననస్ రాళ్లతో కొట్టించాడు. జోసీఫస్ రాసిన ప్రకారం నేరం ఏమిటంటే ధర్మశాస్త్రం మీరడం! జీవితమంతా ధర్మశాస్త్రం పట్టుకుని వేలాడినవాడికి దక్కిన బహుమానం అది. 70లో రోమన్లు ఆలయాన్ని నేలమట్టం చేశారు. ఇక యెరూషలేము వర్గానికి దిక్కు లేకపోయింది, పౌలు వర్గం గెలిచింది. గెలుపు అన్నది వాదనలో బలం వల్లే వస్తుందనుకునేవాళ్లు ఈ తేదీలు రెండూ గుర్తు పెట్టుకోవాలి. యేసును నమ్ముతూనే ధర్మశాస్త్రం పాటించిన ఎబియోనీయులు తర్వాత మతద్రోహుల జాబితాలోకి ఎక్కారు. అవతలి కొసకి వెళ్లి, ధర్మశాస్త్రం ఇచ్చిన దేవుడు వేరే దేవుడని తేల్చిన మార్కియోన్ అనే ఓడల వ్యాపారిని కూడా 144లో రోము సంఘం వెలివేసింది. అతనిచ్చిన రెండు లక్షల సెస్టర్సు నాణేల విరాళం మాత్రం తిరిగి ఇచ్చేశారు. ఆ పాటి నిజాయితీ ఇవాళ ఏ ఖాతా నంబరుకి ఉందో చెప్పండి.

కృప అంటే బరువు దించడమని కదా చెబుతారు. ఎవరి బరువు దిగింది? అంతియొకయలోనే, పేతురు పంక్తిలోంచి లేచిన ఆ నగరంలోనే, 386లో జాన్ క్రిసోస్టమ్ అనే బోధకుడు యూదులను తిడుతూ ప్రసంగాల మీద ప్రసంగాలు చేశాడు. కారణం, తన సంఘంలోని మామూలు జనం యూదుల పండగలకి వాళ్ల సమాజమందిరానికి వెళ్లి వస్తున్నారు, వాళ్లకి అది నచ్చింది. 388లో యూఫ్రటీసు ఒడ్డున కలినికం అనే ఊళ్లో, బిషప్పు ప్రోద్బలంతో ఒక గుంపు యూదుల సమాజమందిరాన్ని తగలబెట్టింది. బిషప్పు డబ్బుతోనే తిరిగి కట్టించమని థియొడోసియస్ చక్రవర్తి ఆజ్ఞాపించాడు. న్యాయమైన ఆజ్ఞ. మిలాను బిషప్పు ఆంబ్రోస్ దానికి అడ్డుపడ్డాడు. చక్రవర్తి ఆ ఆజ్ఞ వెనక్కి తీసుకునే దాకా గుడిలో ఆరాధన సాగించనని మొండికేసి సాధించుకున్నాడు. ధర్మశాస్త్రం కింద ఉన్నవాళ్ల ఇల్లు కాలింది, కృప కింద ఉన్నవాళ్లకి పరిహారం కట్టే బాధ తప్పింది.

అసలు క్రూరత్వం ఇంకా ముందుంది.

నియమానికి ఒక మర్యాద ఉంది. అది చేతికి సంబంధించినది. పంది మాంసం మానేయమంటే మానేయగలను, మానేశానో లేదో నాకూ తెలుసు, పొరుగువాడికీ తెలుసు. నమ్మమంటే? నమ్మకం నా చెప్పుచేతల్లో ఉండే సరుకు కాదు. రెండు నోట్లు ముందుపెట్టి వీటిని మూడనుకో అంటే అనగలను కానీ అనుకోలేను. చెయ్యలేనిదాన్ని షరతుగా పెట్టి, చెయ్యనివాడికి నిత్యాగ్ని శిక్ష వేసే చట్టం మోషే రాయలేదు. ఆ ఘనత కృపదే.

ఈ చిక్కు ఆఫ్రికా ఒడ్డున బిషప్పుగా ఉన్న ఆగస్టీన్‌కి కనపడింది, తెలివైనవాడు కదా. ఆయన చెప్పిన పరిష్కారం సమస్య కంటే భయంకరం. నమ్మకం కూడా దేవుడిచ్చే వరమేనట, తన ఇష్టం వచ్చినవాళ్లకి ఇస్తాడట. ఇవ్వనివాళ్లు అది లేనందుకు నరకానికి పోతారట. మనిషి తన ప్రయత్నంతో మంచిగా బతకగలడని పాపం ఒక బ్రిటన్ సన్యాసి, పెలేజియస్, అన్నాడు. 418లో కార్తేజిలో కూడిన బిషప్పులు ఆ బోధని ఖండించారు, హొనోరియస్ చక్రవర్తి అతన్ని రోము నుంచి బహిష్కరిస్తూ ఆజ్ఞ ఇచ్చాడు. మరి పుట్టగానే చచ్చిపోయే పసికందుల మాటేమిటని అడిగితే, బాప్తిస్మం లేకపోతే వాళ్లకీ శిక్షే, కాకపోతే అన్నిటికంటే తేలికైన శిక్ష అన్నాడు ఆగస్టీన్. దయామయుడు! ఎక్లానం బిషప్పు జూలియన్ ఒక్కడు, నువ్వు చెప్పే దేవుడు పసిపిల్లల్ని హింసించేవాడు అని మొహాన్నే రాశాడు. జూలియన్ పదవి పోయింది, దేశాలు పట్టుకు తిరిగాడు. ఆగస్టీన్ అతని మీద రాస్తూ రాస్తూ, ఆ పుస్తకం పూర్తి కాకుండానే 430లో చనిపోయాడు, సెయింటు అయ్యాడు.

ఇవన్నీ ఎక్కడో ఆఫ్రికా ఒడ్డున జరిగినవి కదా అని మీరనొచ్చు. మా అమ్మ పుట్టింటివాళ్లు క్రైస్తవులు. మా పిన్నికి తొలికాన్పు ఆడపిల్ల, పురిటి మంచం దిగకముందే పోయింది. ఫాదరు వేరే ఊళ్లో ఉన్నాడు, జ్ఞానస్నానం ఇంకా ఇప్పించలేదు. ఉపదేశి వచ్చి, తాతయ్యని పక్కకి పిలిచి, ఆశీర్వదించిన నేలలో కుదరదండీ అని గొంతు తగ్గించి చెప్పాడు. అతను చెడ్డవాడు కాదు, చెబుతూ తలెత్తలేకపోయాడు. తాతయ్య తన పాత తువ్వాల్లో బిడ్డని చుట్టి, సమాధుల తోట కంచెకి ఇవతల, కాలవ గట్టున, తుమ్మచెట్టు కింద పాతిపెట్టాడు. సిలువ పెట్టలేదు, పెట్టనివ్వలేదు. మా పిన్ని ఆ తర్వాత ఊరికి ఏ ఫాదరు మారి వచ్చినా వెళ్లి ఒకే ప్రశ్న అడిగేది. ఒకాయన ‘దేవుడికి తెలుసమ్మా’ అన్నాడు. ఒకాయన ప్రార్థన చేసుకోమన్నాడు. ఆ పిల్ల చేసిన పాపం ఏమిటి ఫాదర్ అని మా పిన్ని అడిగితే, ఆదాముది అన్నాడు ఇంకొకాయన. చదువురాని మా పిన్ని ఇంటికొచ్చి, ‘ఎవడో తిన్న పండుకి నా పిల్లకేంటే’ అంది. ఆ ప్రశ్నకి పౌలు దగ్గరా ఆగస్టీన్ దగ్గరా జవాబు లేదు. 2007లో వాటికన్ వేదాంత కమిషన్ ఒక పత్రం వెలువరించి, అలాంటి పసికందులకు రక్షణ దొరుకుతుందని ఆశించడానికి ఆధారాలున్నాయి, కచ్చితంగా మాత్రం చెప్పలేమంది. ఇంత విడమరిచి ‘ఆశించవచ్చు’ అనడానికి 418 నుంచి 2007 దాకా పట్టింది. మా పిన్ని అప్పటికి లేదు.

ప్రొటెస్టెంటు సంస్కర్త లూథరు వచ్చి అంతా బాగుచేశాడంటారు. పోపుల పాపపరిహార పత్రాల అంగడి మూయించాడు, సరే. కానీ యాకోబు పత్రికని 1522లో గడ్డి పత్రిక అని తీసిపారేశాడు, పనుల గురించి మాట్లాడినందుకు. కృప ఒక్కటే అన్న ఆ నోరే 1543లో యూదుల సమాజమందిరాలు తగలబెట్టమని పుస్తకం రాసింది.

ఆయన పేరు పెట్టుకున్న మిషను 1842లో గుంటూరుకి వచ్చింది. తర్వాత ఒంగోలులో బాప్టిస్టులు. గుడి మెట్లు ఎక్కనివ్వని జనానికి ‘ఏ అర్హతా అక్కర్లేదు, రండి’ అన్న పిలుపు ఎంత తీయగా వినపడి ఉంటుందో నేను కాదనను. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అయితే అంతకు ముందు ధాత కరువు. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత భాగం కంట్రాక్టు తీసుకుని వాళ్లకి కూలి ఇప్పించాడు. కరువులో వాళ్ల ప్రాణం నిలబెట్టినవి పారా, గంపా, కూలి డబ్బులూ. అంటే పనులే! దొర చేసిన పని, మాదిగపల్లె చేసిన పని. వాళ్ల పిల్లల పిల్లలకి ఇవాళ టీవీలో, పనులతో ఏమీ కాదు నమ్మితే చాలు అని చెబుతున్నారు. నమ్మినవాళ్లకి మళ్లీ బొట్టు కూడదు, ప్రసాదం కూడదు, సినిమా కూడదు, నగ కూడదు. ధర్మశాస్త్రంలోని 613 ఆజ్ఞలు కొట్టేసిన ఇంట్లోకి కొత్తవి ఎన్ని వచ్చాయో ఎవరైనా లెక్క రాస్తే బాగుండు. పంక్తి సంగతి అసలు అడక్కండి. ఒకే ఊళ్లో రెండు కులాలకి రెండు చర్చిలు, పెళ్లి సంబంధాలు కులం దాటవు. ఏ పంక్తి కోసం పౌలు పేతురుతో కొట్లాడాడో ఆ పంక్తి ఇంకా కలవలేదు.

పాఠకులకు ఒక విన్నపం. రేపు ఏ చావింట్లోనైనా, ఊరికి మేలు చేసి పోయిన మనిషి శవం పక్కన నిలబడి, ఈయన నమ్మలేదు కాబట్టి ఈయన గతి చెప్పలేం అని ఎవరైనా అంటే, ఊరుకోకండి. మత్తయి సువార్త 25వ అధ్యాయం తెరవమనండి. అక్కడ తీర్పు తీర్చేవాడు ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టావా, దాహమైనవాడికి నీళ్లిచ్చావా, జబ్బుపడ్డవాణ్ణి చూడ్డానికి వెళ్లావా అన్నదే చూస్తాడు, ఏం నమ్మావని అడగడు. ఆ అధ్యాయం మొత్తం, ఆ ఇంటివాళ్లు వినేలా, గట్టిగా చదివించండి.