గూడుబండిలో నలుగురు మనుషులు, రెండు కుక్కలు

ఈసారి ఈ పేజీలో ప్రయాణం ముచ్చట్లు. చేసి వచ్చిన ప్రయాణం కాదు, చేయబోయేది. వచ్చే మే నెలలో మావారూ నేనూ జర్మనీ వెళ్తున్నాం. అక్కడున్న మా అమ్మాయీ అల్లుడూ ఒక మోటార్‌హోమ్‌ను అద్దెకు మాట్లాడారు. అందులో రెండు నెలలపాటు ఐరోపా ఉత్తరదేశాలు తిరిగి రావాలని సంకల్పం. వాళ్లకీ ఇంత సుదీర్ఘయాత్ర ఇదే మొదటిసారి. నలుగురు మనుషులతోబాటు రెండు కుక్కలు కూడా వస్తున్నాయి. నిజం చెప్పాలంటే, కుక్కలు మాతో రావడం లేదు, మేమే వాటితో వెళ్తున్నాం.

మోటార్‌హోమ్ అంటే మా నాయనమ్మ భాషలో గూడుబండే. ఎద్దులుండవు, అంతే తేడా. వెనక పడకలు, మధ్యలో గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్జు, నీళ్ల ట్యాంకు, అరచెయ్యంత స్నానాలగది, చక్రాలమీద ఒక కాపురం. మరుగుదొడ్డి కింద సుమారు ఇరవై లీటర్ల పెట్టె ఉంటుంది. అది నిండగానే లాగి, దానికోసమే కట్టిన చోట ఖాళీ చేసి కడిగి తేవాలి. ఈ పని ఎవరిదన్న ప్రశ్న రాగానే అందరూ కిటికీలోంచి బయటికి చూశారట. "నాది" అని ఫోనులో మావారే ఒప్పుకున్నారు. ఎందుకు ఒప్పుకున్నారో చెప్పాలంటే కరియ సంగతి చెప్పాలి.

కరియ మా వీధిలో పుట్టిన నల్లకుక్క. బెంగళూరు వీధికుక్క కనుక పేరూ కన్నడమే, మాటా కన్నడమే. మాతో తెలుగు మాట్లాడే మావారు దానితో మాత్రం "బారో కరియ" అనేవారు. 2019లో ఆయనకు గుండె ఆపరేషన్ అయింది. పొద్దున్నా సాయంత్రమూ కుక్కను తిప్పే ఓపిక ఇద్దరికీ లేకపోయింది. అమ్మాయి దాన్ని జర్మనీకి తీసుకుపోయింది. అప్పటినుంచి ఆయన దాన్ని చూడలేదు. ఇప్పుడు కరియకు పదమూడేళ్లు, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఇంకా ఎంతకాలమో డాక్టరు చెప్పలేదు, మేము అడగలేదు. మావారికి ఐరోపా చూడాలన్న కోరిక పెద్దగా లేదు. కరియను చూడాలి, అంతే.

ఇక యాత్ర ఏర్పాట్లకు వద్దాం. పిల్లలు విదేశాల్లో ఉన్న మన కుటుంబాల్లో ఇలాంటి ఆలోచన ఎవరికైనా రావచ్చు గనుక కాస్త వివరంగానే రాస్తాను.

ముందుగా కుక్కల కాగితాలు. మన దేశంనుంచి ఐరోపా సమాఖ్య దేశాలకు కుక్కను తీసుకెళ్లాలంటే ముందు చర్మం కింద మైక్రోచిప్ పెట్టించాలి, తర్వాత రేబిస్ టీకా వేయించాలి. టీకా వేసిన 30 రోజుల తర్వాత రక్తం తీసి, వాళ్లు గుర్తించిన ప్రయోగశాలకు పంపాలి. ఫలితం బాగుంటే, రక్తం తీసిన రోజునుంచి మూడు నెలలు ఆగాలి. అంటే ఇక్కడ బయలుదేరాలనుకున్నాక నాలుగు నెలలకు పైమాటే. కరియ 2019లో ఇదంతా దాటి వెళ్లింది. అక్కడి పశువైద్యుడు దానికి నీలిరంగు పాస్‌పోర్టు ఇచ్చాడు. ఇంట్లో మా అందరికంటే సులువుగా సరిహద్దులు దాటేది అదే. రెండోది లోట్టె, అక్కడి అనాథ జంతువుల ఆశ్రమంనుంచి తెచ్చుకున్న చిన్న కుక్క. దానికీ పాస్‌పోర్టు ఉంది.

పిల్లల మొదటి పథకం దక్షిణానికి. ఆస్ట్రియా, స్లొవేనియా, క్రొయేషియా, గ్రీసు మీదుగా ఇస్తాంబుల్ దాకా, అదీ జులై, ఆగస్టు నెలల్లో. చిన్నప్పుడు చరిత్ర పుస్తకంలో కాన్‌స్టాంటినోపుల్ పతనం చదివిన నాటినుంచి మావారికి ఆ ఊరిమీద మోజు. కానీ విచారించిన కొద్దీ ఒక్కొక్క చిక్కే బయటపడింది. టర్కీ వెళ్లి తిరిగి రావాలంటే ఆ రేబిస్ రక్తపరీక్ష ఫలితం ముందే పాస్‌పోర్టులో ఎక్కి ఉండాలి. కరియకు ఉంది, టీకా గడువు ఏనాడూ తప్పలేదు కాబట్టి అది ఇంకా చెల్లుతుంది. లోట్టెకు లేదు. పైగా టర్కీ షెంగెన్ దేశం కాదు. ఒక్కసారి ప్రవేశానికే వీసా ఇస్తే మేమిద్దరం అటు వెళ్లాక మళ్లీ ఇటు రాలేం.

ఇవన్నీ డబ్బుతోనో ఓపికతోనో తీరే చిక్కులు. తీరనిది ఎండ. ఆగి ఉన్న బండి ఎండలో ఎంత త్వరగా పొయ్యిలా కాగుతుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. కరెంటు తగిలించుకునే చోటు ఉంటే తప్ప ఏసీ నడవదు, ఆ కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. మూత్రపిండాల జబ్బున్న ముసలికుక్కకు ఒంట్లో నీరు తగ్గితే ప్రమాదం.

దక్షిణాన మరో భయం కూడా ఉంది. మధ్యధరా తీరాల్లో ఇసుక ఈగలు కుట్టి కుక్కలకు లీష్మానియా అనే జబ్బు తెస్తాయి. ఇది మనవైపు కాలా ఆజార్‌కు దగ్గరి చుట్టమే. ఆ కాలా ఆజార్ క్రిమిని 1903లో మన మద్రాసు జనరల్ ఆసుపత్రిలో చూసినవాడు చార్లెస్ డోనోవన్, అందుకే దాని పేరులో ఆయన పేరుంది. మద్రాసు పాఠకులు ఈ ముక్క గుర్తుంచుకోవాలి సుమా! ఈ ఈగలు వేసవిలో, సందెవేళ మొదలుకొని తెల్లవారేదాకా తిరుగుతాయి. ఉత్తర ఇటలీ పల్లపు ప్రాంతాల్లో దోమలవల్ల గుండెపురుగులు వస్తాయి. చలికాలం చివర స్పెయిన్, పోర్చుగల్, దక్షిణ ఫ్రాన్సుల్లో పైన్ చెట్లనుంచి ఒక జాతి గొంగళిపురుగులు బారులు తీరి దిగుతాయి. వాటి నూగు తగిలితే కుక్క నాలుక కుళ్లిపోయే ప్రమాదం ఉంది. ఆ కాలంలో అటు వెళ్లేవాళ్లు కుక్కను పైన్ చెట్ల కింద వదలకూడదు.

అదంతా విని మావారే అన్నారు, "ఇస్తాంబుల్ ఐదొందల ఏళ్లుగా అక్కడే ఉంది, ఎక్కడికీ పోదు. కరియకు ఎక్కడ చల్లగా ఉంటుందో అటు పోదాం" అని. అలా దక్షిణం పోయి ఉత్తరం వచ్చింది.

కొత్త దారి ఇది. స్టుట్‌గార్ట్ దగ్గర బయలుదేరి జర్మనీ ఉత్తరపు కొసకు, అక్కడినుంచి డెన్మార్కు, 2000లో తెరిచిన ఓరెసుండ్ వంతెన మీదుగా స్వీడన్, పడమటి తీరం వెంబడి గోటెన్‌బర్గ్, ఆపైన నార్వేలో ఓస్లో, రెండు వందల కిలోమీటర్ల పొడవున కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సోగ్నె ఫియోర్డ్ అనే సముద్రపు పాయ, బెర్గెన్. తిరుగుదారిలో క్రిస్టియాన్‌సాండ్‌నుంచి ఓడలో డెన్మార్కు చేరి ఇల్లు. మొత్తం సుమారు 4,000 కిలోమీటర్లు. అర్ధరాత్రి సూర్యుణ్ణి చూడటానికి ఇంకా పైకి, నార్త్ కేప్‌దాకా పోదామని అల్లుడికి ఉంది. పోనూరానూ అదనంగా వేల కిలోమీటర్లు. కరియ నడుముకు అది తగదని మానుకున్నాడు.

ఉత్తరానికీ దాని నియమాలు దానికున్నాయి. నార్వేలో ప్రవేశించే ముందు కుక్కకు బద్దెపురుగుల మందు వేయించాలి. ప్రవేశానికి 24 గంటలు తక్కువ కాకుండా, 120 గంటలు మించకుండా పశువైద్యుడే వేసి పాస్‌పోర్టులో సమయంతో సహా రాయాలి. అందువల్ల గోటెన్‌బర్గ్ చుట్టుపక్కల ఒక వైద్యుణ్ణి ముందే మాట్లాడుకుని, సరిహద్దు దాటే రోజును దాన్నిబట్టి నిర్ణయించాం. ఫిన్లాండు, ఐర్లండు, మాల్టాలకూ ఇదే పద్ధతి. నార్వేలో ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 20 వరకు కుక్కను గొలుసు లేకుండా తిప్పకూడదు, అది గొర్రెలూ అడవి జీవాలూ పిల్లలు పెట్టే కాలం. స్వీడన్ అడవుల్లో పిడుదులు ఎక్కువ, వాటికి మందు బయలుదేరకముందే వేయించాలి. ఇక బండి కదులుతున్నప్పుడు కుక్క ఒళ్లో కూర్చోవడం కుదరదు. జర్మనీ రోడ్డు చట్టం దృష్టిలో అది సామానుతో సమానం. కదలకుండా కట్టడం నడిపేవాడి బాధ్యత.

సామాను అన్నాను గదా, అసలు లెక్క అక్కడే వచ్చింది. మామూలు కారు లైసెన్సుతో నడపదగిన బండి మొత్తం బరువు 3,500 కిలోలు. మా బండిని డీజిలు నింపి తూకం వేస్తే 2,960 కిలోలు తూగింది. మిగిలింది 540. నలుగురు మనుషులం 276 కిలోలు. మిగిలింది 264. నూరు లీటర్ల నీళ్లంటే నూరు కిలోలు. మిగిలింది 164. రెండు గ్యాసు సిలిండర్లు 48. మిగిలింది 116. కరియ 29, లోట్టె 14, వెరసి 43. మిగిలింది 73. వాటి మేత, బోను, పరుపులు 30. చివరికి మిగిలింది 43 కిలోలు. అందులో నలుగురి బట్టలు, దుప్పట్లు, గిన్నెలు, బియ్యం, పప్పు, కుర్చీలు, పనిముట్లు!

అల్లుడు ఈ లెక్క పంపి కింద ఏమీ రాయలేదు, పాపం. పెద్దవాళ్లను రావద్దని ఎలా అంటాడు? ఆ రాత్రి మావారు, "మనిద్దరం 135 కిలోలు. మనం మానుకుంటే వాళ్లకు సరిపోతుంది" అన్నారు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. కానీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు, పొద్దున్న మళ్లీ తీశారు. నేను గృహిణిని, నెలజీతంలో ఇల్లు సర్దినదాన్ని. లెక్కను కింది వరుసనుంచి కాక పైవరుసనుంచి చూశాను. నీళ్లను ఊరూరా మోసుకు తిరగడం ఎందుకు? ప్రతి మజిలీలో కుళాయి ఉంటుంది. ప్రయాణంలో 20 లీటర్లు చాలు. 80 కిలోలు మిగిలాయి. కరెంటున్న చోట కరెంటు పొయ్యిమీద వండుకుంటే ఒక సిలిండరు చాలు. ఇంకో 24. 43 కాస్తా 147 అయింది. మనిషికి 20 కిలోల చొప్పున 80 పోగా వంటకూ పడకకూ 67 కిలోలు. నా కుక్కరు మాత్రం వస్తుంది, పెద్ద పోపులపెట్టె రాదు. సర్దడం అయ్యాక బండిని మళ్లీ తూకం వేసి గానీ బయలుదేరకూడదని నిర్ణయం. అప్పుడు ఎక్కువ తూగితే తగ్గేది కుర్చీలే గాని మనుషులు కారు.

వీసా విషయం. షెంగెన్ దేశాలన్నీ కలిపి ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. దిగిన రోజూ ఎక్కిన రోజూ లెక్కలోకి వస్తాయి. దేశం మారితే లెక్క మళ్లీ మొదలుకాదు, చాలామంది అలా అనుకుంటారు. 2025 అక్టోబరు 12 నుంచి వేలిముద్రలూ ఫొటోతో కంప్యూటరులో రాకపోకలు నమోదు చేసే పద్ధతి మొదలైంది, కాబట్టి ముద్ర సరిగా పడలేదన్న సాకు పనికిరాదు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. మేము 60 రోజుల యాత్ర, ముందువెనకలు కలిపి 80 రోజులు పెట్టుకున్నాం. ఓడ తప్పినా, కుక్కకు జబ్బు చేసినా పది రోజులు చేతిలో ఉంటాయి. ఇక్కడినుంచి నెయ్యి, పాలకోవా, మాంసం కలిసిన కుక్క బిస్కత్తులు తీసుకెళ్లడానికి వీల్లేదు. పచ్చి కరివేపాకు కూడా కుదరదు, పొడి చేసుకుందాం.

రోజువారీ పద్ధతి కూడా రాసుకున్నాం. మజిలీకి రెండు రాత్రులు, అంటే ముప్పై రోజులే ప్రయాణం, సగటున 130 కిలోమీటర్లు. ప్రతి రెండు గంటలకూ ఆపాలి. మ్యూజియంలలోకి కుక్కలను రానివ్వరు, కాబట్టి ఇద్దరు చూస్తుంటే ఇద్దరు బండి దగ్గర. పార్కింగ్ వేరు, మకాం వేరు. రోడ్డుపక్క ఆపుకున్నచోట కుర్చీలు వేసి, గుడ్డపందిరి దించితే అది మకాం కిందికి వస్తుంది, జరిమానా పడవచ్చు. మన మద్రాసునుంచి 1830లో కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు ప్రతి మజిలీలో నీళ్లెలా ఉన్నాయో, సరుకులు దొరుకుతాయో లేదో రాసుకుంటూ పోయారు. మేమూ ఒక నోటుపుస్తకం పెట్టాం. నీళ్ల కుళాయి, మురుగు పోసే చోటు, దగ్గరలో పశువైద్యుడు, ఈ మూడూ ప్రతి మజిలీకీ రాసి ఉండాలి. కరియ మందుల చీటీ కంపెనీ పేర్లతో కాక మందు అసలు పేర్లతో రాయించాం, ఏ దేశంలోనైనా అర్థమవుతుంది.

ఆ నోటుపుస్తకం చివరి పేజీలో అమ్మాయి ఒక్క నియమం రాసింది. కరియ రెండు పూటలు వరసగా తిండి మానేస్తే యాత్ర ఆగుతుంది. ఎంత దూరం వచ్చామన్నది చూడకుండా వైద్యుడి దగ్గరికి, ఆయన చెప్పినదాన్నిబట్టి ఇంటికి. దారిలోనే ఏమైనా జరిగితే ఎవరినీ ఎవరూ తప్పుపట్టకూడదు. ఈ ముసలి వయసులో దాన్ని ఇంటిపట్టున ఉంచకుండా తిప్పడం న్యాయమా అని నేనూ అడిగాను. వైద్యుడు అన్నదేమంటే, చల్లగా ఉండి, నీళ్లు దగ్గరుండి, తనవాళ్లు పక్కనుంటే కుక్కకు అదే ఇల్లు, ఇంట్లో ఒంటరిగా వదిలి ఉద్యోగాలకు పోవడమే దానికి కష్టం అని. ఆ మాట నాకు నచ్చింది.

ఆ పేజీ కింద నలుగురమూ సంతకాలు చేయాలట. మావారు ఇక్కడినుంచే కాగితం మీద చేసి, ఫొటో తీసి పంపారు. ఇప్పుడు రోజూ పొద్దున్నే పార్కులో రెండు చుట్లు ఎక్కువ నడుస్తున్నారు. పదమూడేళ్ల కుక్కతో సమానంగా నడవాలి గదా అంటారు.