ఇల్లూ వాకిలీ: నిచ్చెన అక్కరలేని కప్పు

పెరటి వసారా అంటే మన ఇండ్లకు రెండవ వంటిల్లు. చింతపండు గింజ తీసేదీ, ఆవకాయ ముక్కలు తుడిచి ఆరబెట్టేదీ, వానాకాలంలో తడిబట్టలు ఆరవేసేదీ, మధ్యాహ్నం నలుగురు ఆడవాళ్లు చేరి కష్టసుఖాలు చెప్పుకునేదీ అక్కడే. బరంపురంలోనైనా, యానాంలోనైనా, షోలాపురంలోనైనా, మధురలోనైనా సరే, ఇల్లు ఎంత ఇరుకైనా వెనుక నాలుగు గజాల నీడ లేనిదే మనవాళ్లకు తోచదు. ఈ నెల ఆ నీడను గురించి, అంటే వసారాకు వేసే కప్పును గురించి ముచ్చటించుకుందాము.

బరంపురంలో మా పెద్దవదినగారు ఒంటరిగా వుంటారు. డెబ్బై దాటిన మనిషి. కొడుకులలో ఒకడు బెంగుళూరులో, ఒకడు పూనాలో. వసారాకు పాత ఇనుప రేకులు, చూరుకు ఒక నీటి దోనె. పక్కింటి బాదం చెట్టు ఆకులు ఆ దోనెలో పడి కుళ్లుతూ వుంటాయి. క్రిందటి ఆషాఢంలో ఒకనాడు దోనె నిండి నీళ్లు గోడమీదకు కారుతూ వుంటే, పిలిస్తే వచ్చే కూలిమనిషి దొరకక, ఆమె పీట మీద పీట వేసుకుని తానే ఎక్కారు. పడ్డారు. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. తన అన్నం తాను కలుపుకోలేకపోవడం ఆమెను నొప్పి కంటె ఎక్కువ బాధపెట్టింది.

కొడుకులు వచ్చారు. "ఇల్లు అమ్మేసి మా దగ్గరకు వచ్చేయమ్మా" అన్నారు. ఆమె పెళ్లయి అడుగుపెట్టిన ఇల్లు అది. ఒక్క వసారా కప్పు కోసం ఆ ఇల్లు విడవవలసిన పరిస్థితి వచ్చింది. చివరకు, ఆ కప్పు మార్చి చూద్దాము, ఆ తరువాత ఆలోచిద్దాము అని ఒప్పుకున్నారు. ఒకడు టేకు చెక్క అన్నాడు, ఇంకొకడు గాజులా మెరిసే కప్పు అన్నాడు. నాకు కబురు వచ్చింది. నేను వెళ్లి కూర్చోగానే వదినగారు అన్న మాట ఇది: "మరిదీ, నాకు అందమూ వద్దు, చవకా వద్దు. నిచ్చెన ఎక్కనక్కరలేని కప్పు ఒకటి చెప్పు, చాలు."

అంతవరకు నేను కూడా అందరిలాగే ఏ రేకు ఎన్నాళ్లు మన్నుతుందని లెక్క వేసుకుంటున్నాను. అసలు వేసుకోవలసిన ప్రశ్నలు మూడు. ఈ కప్పుకు ముందు ముందు ఏ పని చేయవలసి వస్తుంది? ఎన్నాళ్లకొకసారి? ఎక్కడ నిలబడి, ఎవరు చేయవలె? పనే లేని కప్పు భూమి మీద లేదు. నేల మీద నిలబడి చేయగల పని వున్న కప్పు మాత్రం వున్నది. ఈ కొలబద్దతో ఒక్కొక్కటే చూద్దాము.

తాటాకూ కొబ్బరాకూ ఇచ్చే చల్లదనం మరొకటి ఇవ్వదు. కాని కొబ్బరాకు ఏడాది రెండేళ్లు, తాటాకు మూడు నాలుగేళ్లు. తరువాత విప్పి కొత్తగా కప్పవలె. ఆ పని తెలిసిన చేతులు వెనుక ప్రతి పేటలోనూ వుండేవి, ఇప్పుడు వెదకవలసి వస్తున్నది. చెదకూ నిప్పురవ్వకూ భయపడుతూ వుండవలె గూడా.

బెంగుళూరు పెంకు అని మనం పిలిచేది నిజానికి మంగుళూరు సరుకు. అక్కడ 1865లో బాసెల్ మిషను వారు పెట్టిన కార్ఖానాతో అది మొదలైంది. పెంకుకు తుప్పు లేదు, ఉప్పుగాలి దానిని ఏమీ చేయదు. పాత ఇళ్లు విప్పిన పెంకును కడిగి తిరిగి వాడుకునేవారూ వున్నారు. అయితే ఒక్కొక్కటి రెండున్నర కిలోల పైమాటే గనుక క్రింద దూలాలూ వాసాలూ గట్టివి వుండవలె. కోతి గెంతినా, కాయ పడినా ఒక పెంకు పగులుతుంది, దానిని మార్చేందుకు మనిషి పైకి ఎక్కవలె. ఎక్కగల మనిషి ఇంట్లో వుంటే పెంకును మించినది లేదు. వదినగారి ఇంట్లో లేడు.

ఆస్బెస్టాస్ సిమెంటు రేకును గురించి కొంచెం గట్టిగా చెప్పవలసి వున్నది. తుప్పు పట్టదు, చవక, రంగు అక్కరలేదు అని మన ఇండ్లలో ఎంతోమంది వేయించారు. నేనూ వేయించాను. ఆస్బెస్టాస్‌లో అన్ని రకాలూ కాన్సరుకు కారణమవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అరవైకి పైగా దేశాలు దానిని నిషేధించాయి. మన దేశంలో ఇంకా అమ్ముతూనే వున్నారు. దాని కంటికి కనబడని నార ఊపిరితిత్తులలో చేరితే జబ్బు ఏ ఇరవై ముప్పై ఏళ్లకో బయటపడుతుంది. కొత్తగా వేయించవద్దు. పాతది వుంటే దానికి చిల్లులు పొడవవద్దు, రంపం పెట్టవద్దు, పొడిగా గీకవద్దు. తీయించవలసి వస్తే నీళ్లతో తడిపి, పగలకుండా, రేకు పళంగా దింపించవలె. విరిగిన ముక్కలను కోళ్లగూటికీ, పొయ్యి చుట్టూ అడ్డానికీ వాడడం మన పెరళ్లలో మామూలు. అది ఈనాటితో మానవలె. ఆ పెరట్లోనే మనవలు ఆడుకుంటారు.

పాలీకార్బొనేటు రేకు వెలుతురునిస్తుంది, తుప్పు పట్టదు. కాని క్రింద నీడ తక్కువ, ఉక్క ఎక్కువ. చాలా రేకులకు ఎండను ఆపే పూత ఒక ముఖానికే వుంటుంది. ఆ ముఖం పైకి రాకుండా తిరగవేస్తే కొద్ది ఏళ్లకే పచ్చబడి పెళుసుబారుతుంది. పైగా అది వేడికి సాగుతుంది. మూడు మీటర్ల రేకు, తెల్లవారుజాము చలికీ నడిమధ్యాహ్నపు వేడికీ నలభై డిగ్రీల తేడా వస్తే, సుమారు 8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చిల్లులు స్క్రూ కంటె పెద్దవిగా పెట్టకపోతే అక్కడే చీలుతుంది. గుల్లగా వుండే రకంలో కొసలు సరిగా మూయకపోతే లోపల నాచు పడుతుంది, దానిని ఏ చీపురూ చేరలేదు. వంటింటి వైపు చీకటిగా వుంటే వెలుతురు కోసం ఒక్క రేకు చాలును.

టేకు కప్పు అందమే. కాని ఎండావానా తగిలే చెక్కకు రెండు మూడేళ్లకు ఒకసారి నూనెో వార్నీషో పట్టించవలె. మళ్లీ నిచ్చెనే.

ఇక లోహపు రేకులు. మామూలు ఇనుప రేకుకు వున్న రక్షణ అంతా పైన పూసిన జింకు పూతే. అది అరిగినచోట ఎర్ర తుప్పు మొదలవుతుంది. ఈనాడు రంగురేకులుగా దొరికే మంచి రకాలలో ఉక్కు మీద అల్యూమినియమూ జింకూ కలిపిన పూత వుంటుంది. ఆ మిశ్రమంలో తూకానికి నూటికి 55 పాళ్లు అల్యూమినియం, 43 పాళ్ల పైన జింకు, మిగిలిన కొద్దిపాటి సిలికాను. దాని మీద రంగు. ఇది వట్టి జింకు రేకు కంటె ఎక్కువ కాలం నిలుస్తుంది. సముద్రపు ఒడ్డునే వున్న ఇండ్లకు మాత్రం ఉక్కు లేని వట్టి అల్యూమినియం రేకు మేలు. ఒడ్డుకు మరీ దగ్గర ఇండ్లకు తమ పూచీ వర్తించదని చాలా కంపెనీల పూచీ కాగితాలలో వుంటుంది. చదివి మరీ కొనవలె.

వదినగారికి లేత రంగు పూసిన ఈ అల్యూమినియం-జింకు రేకునే నిశ్చయించాము. లేత రంగు ఎండను కొంత వెనక్కు కొడుతుంది. ఇంకా వేడి అనిపిస్తే రేకు క్రింద వెదురు తడిక కట్టుకోవచ్చును. అది పాడైనా క్రింది నుంచే విప్పవచ్చు.

అయితే రేకు ఎంచుకోవడంతో పని సగమే అయింది. ఈ కప్పులు ముందు పాడయ్యేది స్క్రూల దగ్గర. ఇరవై ఏళ్ల రేకుకు అయిదేళ్ల స్క్రూ వేస్తే అది అయిదేళ్ల కప్పే. మంచి పూత గల స్క్రూ, దాని క్రింద ఎండకు తట్టుకునే రబ్బరు వాషరు వుండవలె. చిల్లులు పొడిచినప్పుడు రాలే ఇనుప రజనును ఆ సాయంత్రమే మెత్తని చీపురుతో ఊడ్పించవలె. వదిలితే ఒకటి రెండు వానలకే ఆ రజను తుప్పుపట్టి రేకంతా మచ్చలు చేస్తుంది. రాగి గొట్టాల మీదుగా వచ్చే నీరు ఈ రేకు మీద పడరాదు, తడి సిమెంటు అంటరాదు. రెండూ పూతను తింటాయి.

వాలు పది అడుగులకు కనీసం ఒక అడుగు వుండవలె. మేము అడుగున్నర పెట్టించాము, ఎండిన ఆకు తనంతట తానే జారిపోవాలని. చూరు నుంచి గోడ దాకా మధ్యలో అతుకు లేకుండా ఒకే పొడవు రేకు తెప్పించాము. అన్నిటికంటె ముఖ్యం, నీటి దోనె తీసివేయించాము. ఆమెను పీట ఎక్కించింది ఆ దోనెయే గదా! ఇప్పుడు నీరు చూరు నుంచి నేరుగా క్రింద పరచిన కంకర మీద పడి, కాలువ వెంట అరటి పాదులోకి పోతుంది.

ఇక గాలి సంగతి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు సుమారు 200 కిలోమీటర్లు. ఆ రాత్రి వదినగారి రేకులు రెండు లేచి పక్క పెరట్లో పడ్డాయి. అక్కడ మనుషులెవరూ లేకపోవడం అదృష్టం. చదరపు మీటరు రేకు బరువు 5 కిలోల లోపు. అంత గాలి దాని మీద చేసే ఒత్తిడి చదరపు మీటరుకు 190 కిలోల దాకా వుంటుంది. వసారాకు ప్రక్కలు తెరచి వుంటాయి గనుక గాలి క్రిందనుంచి ఎత్తుతుంది, పైనుంచి లాగుతుంది. కాబట్టి అక్కడ స్తంభం చేయవలసిన పని కప్పును మోయడం కంటె కప్పును వదలకుండా పట్టుకోవడం. జింకు పూసిన ఇనుప పైపులను లోతైన కాంక్రీటు దిమ్మలలో నిలబెట్టించాము. దిమ్మలను నేలకు జానెడు పైకి లేపాము, అంట్లు తోమిన నీళ్లు ఇనుమును తాకకుండా. చూరు వెంట, మూలలలో స్క్రూలు దగ్గర దగ్గరగా వేయించాము.

ఒక్క విషయంలో మాత్రం వదినగారికీ నాకూ తగవు వచ్చింది. ఆనప పాదు కప్పు మీదకు పాకించవలసిందే అన్నారు. తడి ఆకులు రేకు మీద పరచుకుంటే క్రింద చెమ్మ ఆరదు, పూత చెడుతుంది, ఎండిన తీగలు లాగేందుకు మళ్లీ పైకి ఎక్కవలె అని నేను. చివరకు నూతి పక్కన తల ఎత్తులో వేరే తీగెల పందిరి వేయించాము. ఆనపకాయ చేతికే అందుతుంది.

మరి ఆమె చేయవలసిన పని? నెలకొకసారి నేల మీద నిలబడి, నీళ్ల పైపుతో కప్పు క్రింది వైపూ చూరు లోపలా కడగడం. పై ముఖాన్ని వాన కడుగుతుంది. వాన తడపని క్రింది ముఖాన్నే ఉప్పూ దుమ్మూ పట్టుకుంటాయి, అక్కడినుంచే తుప్పు మొదలవుతుంది. వాన రోజున తల ఎత్తి ఎక్కడైనా చుక్క పడుతున్నదా అని చూసుకోవడం. మూడు నాలుగేళ్లకొకసారి పనివాణ్ణి పిలిచి స్క్రూలు చూపించడం. ఇంతే.

అందరికీ ఇదే కప్పు అని నా మాట కాదు. ఉప్పుగాలి లేని బెంగుళూరులో, ఇంట్లో వయసు పిల్లలు వుంటే పెంకు వేసుకోండి, హాయి. షోలాపురం ఎండలకు రేకు క్రింద తడిక తప్పదు. యానాం వంటి తుపాను తీరంలో రేకు కంటె ముందు స్తంభాలకు ఖర్చు పెట్టండి. ఎక్కడైనా సరే, కొనేముందు ఆ మూడు ప్రశ్నలూ వేసుకోండి. మూడవదానికి జవాబుగా ఇంట్లోని పెద్దావిడ పేరు వస్తే, ఆ కప్పు వద్దు.

ఈ ఆషాఢంలో వానలు పట్టాక వదినగారు ఫోను చేశారు. "రాత్రంతా కురిసింది మరిదీ. రేకు మీద చప్పుడు మాత్రం వుంది. నేను లేవలేదు" అన్నారు. ఇల్లు అమ్మే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

వచ్చే నెల నూతి పళ్లెం మీద నాచు, కాలు జారకుండా చేసుకోవలసిన జాగ్రత్తలు.