ఏరిన పాటలు, ఇంటి పాటలు

పల్లెబాణీకి రాక్ సంగీతపు ఊపు కూర్చిన కంట్రీ రాక్ పాటలకు అమెరికా గాయని లిండా రోన్‌స్టాట్ పేరెన్నిక గన్నది. ఆమె పాటలలో జనులు మిక్కిలి మెచ్చిన 12 పాటల నేర్చి కూర్చిన రికార్డు 1976లో వెలువడి లక్షల కొలది అమ్ముడుపోయినది. ఆ పన్నెండును ఇంగ్లీషు పాటలే.

1946లో అరిజోనాలోని టూసాన్‌లో జన్మించిన ఈమె తండ్రి వంశమునకు మెక్సికో మూలములు కలవు. ఆయన ఇంట స్పానిష్ పాటలు పాడెడివాడు. ఆయనయు చేయివేసి వ్రాసిన స్పానిష్ గీతమును ఆమె అదే యేట వేరొక రికార్డులో పాడినను, ఏరిన పాటలలో దానికి చోటు దొరకలేదు. అంగడి యెన్నిక అట్టిది; అమ్ముడైనదే మేలని యెంచును.

1987లో ఆమె 'మా నాన్న పాటలు' అను అర్థమిచ్చు పేరుతో స్పానిష్ రికార్డు నొకదానిని వెలువరించినది. అది అమెరికాలో 20 లక్షలకు పైగా అమ్ముడుపోయి, గ్రామీ బహుమానమును గూడ పొందినది.

రాష్ట్రభాషయు, ఇంగ్లీషును మన బిడ్డలకు అన్నము పెట్టును. వానిని శ్రద్ధతో నేర్వవలెననియే మా అభిప్రాయము. కాని తెలుగు దేనికి పనికివచ్చునని యడుగు తల్లిదండ్రులకు మా మనవి యొక్కటి: అంగడి లెక్కతో ఇంటి భాషకు విలువ కట్టకుడు. ఇంట తండ్రి పాడినందుననే ఆ పాటలు ఆమెకు దక్కినవి. విద్యార్థులారా! మీ అవ్వ పాడు పాటలను ఈ సెలవులలో వ్రాసికొని రండు.