ఉద్యోగార్థినులు అడుగవలసిన ప్రశ్నలు

శాంతిపురమునుండి కుప్పము చేరి, రైలెక్కి బెంగుళూరికి ఉద్యోగమునకై పోవు యువతులు ఇంటర్వ్యూలో ప్రత్యుత్తరములకే సిద్ధపడుదురు, “మీరేమైన నడిగెదరా?” యన్నంతనే తల వంతురు. మౌనమెల్ల వినయము కాదు. “తొలి మాసమున నేనేమి నేర్వవలెను? నాకు పని నేర్పువారెవరు?” అని యడుగుట శ్రద్ధకు గుర్తు. పిమ్మట పని ముగియు వేళయు, రాత్రివేళ రాకపోకల యేర్పాటును తెలిసికొనవలెను. కడపటి రైలు తప్పిన కష్టము మనదే కదా! 10 మందియు, అంతకు మించియు పనిచేయుచోట స్త్రీల ఫిర్యాదులు వినుటకు సంఘముండవలెనని 2013 నాటి చట్టము. అది కలదాయని యడుగుట బిచ్చము గాదు, హక్కు. తల్లులారా! ఈ ప్రశ్నలను మీ బిడ్డలచే ముందుగా నింటనే పలికింపుడు.