అమెరికా గవర్నర్ వేరు, మన గవర్నర్ వేరు.. అక్కడి కోర్టు మాట తప్పుగా అర్థమైతే నష్టం మనోళ్లకే

2025 నవంబర్ 4న వర్జీనియా ఎన్నికల్లో గజాలా హష్మీ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. ఆమె పుట్టింది హైదరాబాద్‌లో. అమెరికాలో ఒక రాష్ట్రం మొత్తం ఓటేసి గెలిపించిన తొలి ముస్లిం మహిళ ఆమే. అంతకుముందే, 2023 జనవరి నుంచి, మేరీల్యాండ్‌లో అరుణా మిల్లర్ అదే పదవిలో ఉన్నారు. ఆమెదీ హైదరాబాదే. ఒకే ఊళ్లో పుట్టిన ఇద్దరు ఆడవాళ్లు రెండు అమెరికా రాష్ట్రాల్లో రెండో కుర్చీలో కూర్చోవడం చిన్న విషయం కాదు.

అయితే ‘లెఫ్టినెంట్ గవర్నర్’ అనగానే మన దగ్గర గుర్తొచ్చేది ఢిల్లీ ఎల్జీ. కేంద్రం పంపితే వచ్చి, ఎన్నికైన ప్రభుత్వంతో ఫైళ్ల మీద గొడవ పడే మనిషి. వర్జీనియాలో అలా కాదు. అక్కడ ఆ పదవికి జనమే నేరుగా ఓటేస్తారు. గవర్నర్‌కు విడిగా, లెఫ్టినెంట్ గవర్నర్‌కు విడిగా ఓటు. రాష్ట్ర సెనేట్‌ను నడిపించడం, ఓట్లు సమానమైనప్పుడు తన ఓటు వేయడం ఆమె పని. గవర్నర్ కుర్చీ ఖాళీ అయితే అందులోకి వచ్చేదీ ఆమే. మేరీల్యాండ్‌లో మాత్రం గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్ ఒకే టికెట్ మీద కలిసి పోటీ చేస్తారు.

అసలు అక్కడి ‘గవర్నర్’ మాటే మనల్ని పక్కదారి పట్టిస్తుంది. మన గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. అమెరికా గవర్నర్ అంటే మన లెక్కలో ముఖ్యమంత్రి. ప్రెసిడెంట్‌కు ఆయన్ని తీసేసే అధికారం లేదు. ‘సెక్రటరీ ఆఫ్ స్టేట్’ కూడా ఇలాంటిదే. వాషింగ్టన్‌లో ఆ పేరున్నవారు విదేశాంగ మంత్రి. జార్జియాలోనో టెక్సాస్‌లోనో అదే పేరున్నవారు ఎన్నికల వ్యవహారం, కంపెనీల రిజిస్ట్రేషన్ చూస్తారు. 2021 జనవరిలో ట్రంప్ ఫోన్ చేసి 11,780 ఓట్లు కావాలన్నది జార్జియా సెక్రటరీ ఆఫ్ స్టేట్‌నే. ఆయన్ని ‘విదేశాంగ మంత్రి’ అని రాస్తే వార్త మొత్తం తలకిందులవుతుంది. డాలస్‌లో చిన్న కంపెనీ పెట్టుకునే తెలుగు కుర్రాడికి ఆ ఆఫీసు అంటే ఇక్కడి ఆర్‌ఓసీ లాంటిదే.

కోర్టుల దగ్గరికి వస్తే గందరగోళం ఇంకా ఎక్కువ. 2024 మే 30న ట్రంప్‌ను 34 అభియోగాల్లో దోషిగా తేల్చింది న్యూయార్క్ సుప్రీంకోర్టు. పేరు చూసి దేశ అత్యున్నత న్యాయస్థానం అనుకుంటే పొరపాటే. న్యూయార్క్‌లో సుప్రీంకోర్టు అంటే సాక్షుల్ని విచారించే కింది కోర్టు, మన సెషన్స్ కోర్టు లాంటిది. అక్కడ అన్నిటికంటే పైది ‘కోర్ట్ ఆఫ్ అపీల్స్’. ఇక ‘డిస్ట్రిక్ట్ కోర్టు’ అని వార్తల్లో కనిపించేది చాలాసార్లు జిల్లా కోర్టు కాదు, కేంద్ర చట్టాల కేసులు మొదట వినే ఫెడరల్ కోర్టు. అక్కడ రాష్ట్ర కోర్టులు వేరు, ఫెడరల్ కోర్టులు వేరు. రెండూ పక్కపక్కనే నడుస్తాయి. ఈ తేడా ఊరికే లేదు. న్యూయార్క్ కేసు రాష్ట్ర కేసు కాబట్టి, ప్రెసిడెంట్ అయినా ట్రంప్ ఆ కేసులో తనకు తాను క్షమాభిక్ష ఇచ్చుకునే దారే లేదు.

ఆంధ్రప్రదేశ్‌ను నేరుగా తాకిన కేసు ఒకటుంది. 2024 నవంబర్‌లో బ్రూక్లిన్‌లోని ఫెడరల్ కోర్టులో గౌతమ్ అదానీ మీద ‘ఇండైట్‌మెంట్’ బయటపడింది. సోలార్ కరెంటు ఒప్పందాల కోసం ముడుపులు ఇవ్వజూపారని, అందులో పెద్ద వాటా ఏపీలోని ఒక పెద్ద అధికార స్థానానికని అందులో ఆరోపించారు. అదానీ గ్రూప్ ఆ ఆరోపణలను ఖండించింది, అప్పట్లో ఏపీలో అధికారంలో ఉన్న వైసీపీ కూడా ఖండించింది. ఆ వారమంతా మన టీవీల్లో జరిగిన చర్చ వింటే, ఇండైట్‌మెంట్ అంటే నేరం రుజువైనట్టేనని ఒక పక్షం, ఏమీ లేని కాగితమని ఇంకో పక్షం అన్నట్టుంది. రెండూ కాదు. అది గ్రాండ్ జ్యూరీ ఆమోదించిన అభియోగ పత్రం. 16 నుంచి 23 మంది మామూలు పౌరులు కూర్చుని ప్రాసిక్యూటర్ చెప్పేది వింటారు. కనీసం 12 మంది సరే అంటే కేసు నడుస్తుంది. నిందితుడి వకీలుకు ఆ గదిలో చోటు లేదు. అంటే ఒక వైపు వాదన విని ఇచ్చిన మాట అది. అసలు విచారణ ఆ తర్వాతే. అదే రోజు ఎస్‌ఈసీ వేసింది మాత్రం సివిల్ కేసు. దాంట్లో జైలు ఉండదు, జరిమానాలు, ఆంక్షలే.

ఇవన్నీ పెద్దవాళ్ల సంగతులు. మన ఇళ్ల మీద పడేది మరో మాట: ‘ప్లీ’.

మన దగ్గర పెట్టీ కేసు అంటే ఏంటో అందరికీ తెలుసు. ట్రాఫిక్ కేసో, చిన్న తగాదానో, కోర్టుకు వెళ్లి ఒప్పుకుని ఫైన్ కట్టి మధ్యాహ్నానికి ఇంటికి రావడం. ఇదే అలవాటు విమానమెక్కి అమెరికా వెళ్తోంది. దుకాణంలో బిల్లు కట్టకుండా వస్తువు తీసుకున్నారన్న కేసు వస్తే, ‘ఒప్పేసుకో, ఫైన్‌తో పోతుంది’ అని రూమ్మేట్లు చెప్తారు. ఆ నేరాన్ని అక్కడ ‘మిస్‌డిమీనర్’ అంటారు, అంటే చిన్న నేరం. పెద్దదైతే ‘ఫెలొనీ’. స్టేట్ కోర్టు దృష్టిలో అది చిన్నదే. ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో మాత్రం దొంగతనం నైతికంగా దిగజారిన నేరాల లెక్కలోకి రావచ్చు. వీసాకు, గ్రీన్‌కార్డుకు అది అడ్డం.

ఇంకో మెలిక ఉంది. కొన్ని స్టేట్ కోర్టులు ‘ఆరు నెలలు బుద్ధిగా ఉండు, కేసు కొట్టేస్తాం’ అంటాయి. కుర్రాడు సంతోషంగా ఒప్పుకుంటాడు. కేసు కొట్టేస్తారు కూడా. కానీ ఇమిగ్రేషన్ చట్టంలో ‘కన్విక్షన్’కు అర్థం వేరు. నేరం ఒప్పుకుని, దాని మీద కోర్టు ఏదో ఒక శిక్షో ఆంక్షో పెడితే చాలు, స్టేట్ రికార్డులో కేసు లేకపోయినా అది శిక్ష పడినట్టే లెక్క. అందుకే 2010లో పడియా కేసులో అమెరికా సుప్రీంకోర్టు, నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందా లేదా అన్నది విదేశీ క్లయింటుకు చెప్పడం క్రిమినల్ లాయర్ బాధ్యత అంది. ఆ ప్రశ్న సంతకానికి ముందే అడగాలి. తాగి నడిపిన కేసుల్లో ఇంకా కష్టం, శిక్ష పడక్కర్లేదు, అరెస్టయితే చాలు, వీసా రద్దు చేసే అధికారం స్టేట్ డిపార్ట్‌మెంట్‌కు ఉంది. ఇక్కడ ‘స్టేట్’ అంటే రాష్ట్రం కాదని వేరే చెప్పాలా?

బెయిల్ లెక్క కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. చాలా రాష్ట్రాల్లో బెయిల్ 10,000 డాలర్లు అంటే బాండ్ ఏజెంటుకు సుమారు పది శాతం, 1,000 డాలర్లు కడతారు. ఆ వెయ్యి డిపాజిట్ కాదు, ఏజెంటు కమీషన్. కేసు గెలిచినా తిరిగి రాదు. కోర్టులోనే మొత్తం కడితే, వాయిదాలన్నిటికీ హాజరయ్యాక వెనక్కి వస్తుంది. ఇల్లినాయిస్ 2023 సెప్టెంబర్ నుంచి డబ్బు బెయిల్‌నే ఎత్తేసింది. అక్కడ ‘బెయిల్‌కు డబ్బు పంపండి’ అని ఇంటికి ఫోన్ వస్తే అనుమానించాల్సిందే.

ఇమిగ్రేషన్ కోర్టు పేరుకే కోర్టు. అందులోని జడ్జిలు న్యాయవ్యవస్థలో భాగం కాదు, న్యాయశాఖ ఉద్యోగులు. అటార్నీ జనరల్ నియమిస్తారు. డబ్బు లేకపోతే సర్కారు ఖర్చుతో వకీల్ దొరకడు. ‘వారెంట్’ కూడా రెండు రకాలు. జడ్జి సంతకం ఉన్నది ఒకటి, ఐసీఈ అధికారే సంతకం చేసేది ఇంకొకటి. రెండోదానితో ఇంట్లోకి రావచ్చా అన్నదే పెద్ద వివాదం. కాగితం కింద సంతకం ఎవరిదో చూడమని అక్కడి లాయర్లు చెప్పేది అందుకే.

2025 ఏప్రిల్‌లో విద్యార్థుల సెవిస్ రికార్డులు వేల సంఖ్యలో రద్దయ్యాయి. చాలామంది పేర్లు పోలీసు డేటాబేస్‌లో తగలడమే కారణం, కొట్టేసిన కేసులు కూడా అందులో ఉన్నాయి. అట్లాంటా ఫెడరల్ కోర్టులో 133 మంది కేసు వేస్తే జడ్జి ‘టీఆర్‌ఓ’ ఇచ్చారు. మన భాషలో మధ్యంతర స్టే. అది సాధారణంగా 14 రోజులే ఉంటుంది, మహా అయితే ఇంకోసారి పొడిగిస్తారు. పైగా అది ఆ 133 మందికే. ఇక్కడ మాత్రం ‘విద్యార్థులకు ఊరట’ అని హెడ్‌లైన్లు వచ్చాయి. అందరికీ ఊరట దొరికింది ఏప్రిల్ 25న, రికార్డులు పునరుద్ధరిస్తున్నామని ప్రభుత్వమే కోర్టులో చెప్పినప్పుడు.

ఈ తేడా ఆ తర్వాత మరింత పదునెక్కింది. పుట్టుకతో వచ్చే పౌరసత్వంపై ట్రంప్ ఆదేశాన్ని జడ్జిలు దేశమంతటికీ ఆపేస్తే, 2025 జూన్ 27న సుప్రీంకోర్టు 6-3తో అలాంటి దేశవ్యాప్త స్టేలకు కళ్లెం వేసింది. ఆదేశం సరైనదా కాదా అన్నది ఆ రోజు తేల్చలేదు. రెండు వారాల్లోపే న్యూహాంప్‌షైర్ జడ్జి అదే ఆదేశాన్ని ‘క్లాస్ యాక్షన్’ దారిలో ఆపేశారు. అంటే ఒకే కష్టంలో ఉన్న పిల్లలందరినీ ఒక జట్టుగా లెక్కేసి ఇచ్చిన స్టే. హెచ్‌1బీ మీద ఉన్న దంపతులకు అక్కడ పుట్టే బిడ్డలు కూడా ఆ జట్టులోకే వస్తారు. ‘జడ్జి ఆపేశారు’ అన్న వార్త ఇకపై కనిపిస్తే ముందు వెతకాల్సింది జడ్జి పేరు కాదు, ఆ ఆదేశం ఎవరెవరికి వర్తిస్తుందో రాసిన పేరా.