మార్కాకు దస్తావేజు ఉన్నదా?

సాదా బైనామా మీద భూమి కొన్నవారి చిక్కులు రైతు సోదరులకు తెలియనివి కావు. రిజిష్టరు కాని మార్కా కూడ ఇంచుమించు అటువంటిదే. నేడు మన రైతు ఉత్పత్తిదారుల సంఘములు కారము, పసుపు, బెల్లము పొట్లములు కట్టి స్వంత పేరుతో అమ్ముచున్నవి. పొట్లము మీద బొమ్మ అచ్చువేయించుటలో చూపు శ్రద్ధ ఆ పేరును రిజిష్టరు చేయించుటలో కానరాదు.

రిజిష్టరు కాని మార్కాకు బొత్తిగా రక్షణ లేదని కాదు. మీ పేరుతో మరొకడు నాసిరకపు కారము అమ్మినచో దావా వేయవచ్చును. అయితే ఆ పేరు బజారులో మీదిగా స్థిరపడినదనియు, కొనువారు భ్రమపడుదురనియు, మీకు నష్టమనియు మీరే ఋజువు చేయవలెను. అందుకు ఏండ్లనాటి బిల్లులు కావలెను. ఎన్ని సంఘములలో అవి చెదలు పట్టక ఉన్నవో!

1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టము క్రింద రిజిష్టరైన మార్కాకు ఆ పత్రమే ప్రాథమిక సాక్ష్యము. నా దృష్టిలో ఇంతకంటె గొప్ప మేలు వేరొకటి కలదు. నకిలీ పొట్లము ఏ దూరపు నగరములో తయారైనను, మీ కార్యాలయమున్న ప్రాంతముపై అధికారము గల కోర్టులోనే దావా వేయవచ్చును. రిజిష్టరు కాని మార్కాకు ఈ వెసులుబాటు లేదు. హక్కు దరఖాస్తు తేదీనుండియే లెక్కకు వచ్చును; పదేండ్లకొకసారి రుసుము కట్టి నిలుపుకొనవచ్చును.

'గుంటూరు మిర్చి', 'మేలైన పసుపు' వంటి పేర్లు పెట్టి దరఖాస్తు చేయకుడు. ఊరిని, గుణమును తెలుపు మాటలు అందరివి. సాధారణముగా అవి రిజిష్టరు కావు. గుంటూరు సన్నము వంటి వానికి భౌగోళిక గుర్తింపు చట్టము వేరుగా కలదు.

నిష్ఠూరమైనను ఒక మాట చెప్పక తప్పదు. దరఖాస్తు సంఘము పేరనే పెట్టవలెను. అధ్యక్షుని పేరనో, పొట్లములు కట్టు వర్తకుని పేరనో పెట్టరాదు. ఆయన విడిపోయిననాడు పత్రము ఆయన చేతిలో ఉండును. మీ పంటకు వచ్చిన పేరు కొరకు మీరే ఆయనపై కోర్టుకెక్కవలసి వచ్చును. కొద్దిపాటి రుసుము ఆదా చేయబోయి ఇంత ముప్పు తెచ్చుకొనుట తగదు.

మన రెండు రాష్ట్రముల దరఖాస్తులు చెన్నై రిజిష్ట్రీ పరిధిలోనివి. 2017 నాటి నిబంధనల ప్రకారము ఆన్‌లైనులో తరగతికి వ్యక్తులకు, చిన్న సంస్థలకు రు. 4,500, ఇతరులకు రు. 9,000. కారము, పసుపు పొడి 30వ తరగతి. పచ్చి కాయలు, పండ్లు 31వ తరగతి. అటువంటి పేరు మరొకరికి ఉన్నదేమో ముందుగా రిజిష్ట్రీ వెబ్‌సైటులో వెదకుడు. జర్నలులో ప్రకటించిన పిదప ఆక్షేపణలకు నాలుగు నెలల గడువుండును. పత్రము చేతికి రాకముందే సున్నాలో 'ఆర్' అక్షరము పొట్లముపై అచ్చువేయరాదు, అది చట్టవిరుద్ధము.